కోటరాజు పాట

సుందర్‌రాజ్ ఆట క్యాసెట్ అడుగున ఉఫ్‌మని ఊది, టీవీ గేమ్‌లో పెట్టి, చెవి ఒగ్గాడు. ఆబిడ్స్ షాపులో అతని పని అదే. గిరాకీ చేతికి ఇచ్చే ముందు ప్రతి క్యాసెట్టూ ఆడించి చూపాలి. బొమ్మ సంగతి తర్వాత, అతను ముందు పాట వినేవాడు. ఏళ్ల తరబడి ఆడీ ఆడీ కొన్ని అభిప్రాయాలు గట్టిపడ్డాయి. అడిగినా అడగకపోయినా చెప్పేవాడు.

"హీరో పాట ఎవడైనా కడ్తడు సార్. విలన్ పాట చూడున్రి. వాడు ఉరకొద్దు, నిమ్మలంగ రావాలె. ఉరికేటోనికి ఎవడు భయపడ్తడు?"

ఇవాళ ఆ ఉపన్యాసం లేదు. ప్రాణమంతా నాంపల్లిలో, ఇంట్లో ఆపి వచ్చిన ఆట మీదే ఉంది. రాత్రి మొదటిసారి చివరి కోట గుమ్మం దాకా చేరాడు. లోపల కోటరాజు ఉంటాడు. వాడి పాట అతను గానీ, అక్క లోయిస్ గానీ ఇంతవరకూ వినలేదు. అంతలో అక్కకు దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆట ఆపి, మిషన్ ఆర్పకుండా వదిలేశాడు. ఆరితే మళ్లీ మొదటి నుంచే ఆడాలి.

దవాఖానవాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాక అక్క కోరింది ఆ పాట ఒక్కటే. ఒకప్పుడు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పిన మనిషి. మంచాన పడ్డాక తమ్ముడి ఆటలు వింటూ, చెంచాతో మంచం ఇనపకమ్మీ మీద తాళం వేసేది. విలన్ల విషయంలో ఆమెది వేరే మాట. "వాడు చెడ్డోడు గాదురా. ఒక్కడే ఉండి ఉండి గట్లయిండు" అనేది.

మధ్యాహ్నం షాపులో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. సుందర్‌రాజ్ ఇంటి కరెంటూ పోయిందేమో అనుకున్నాడు. సేటుకు చెప్పీ చెప్పకుండా మెట్లు దిగి, స్టేషన్ రోడ్డు వెంట ఆటోలకు అడ్డం పడుతూ పరుగెత్తాడు. నిమ్మలంగా రావాలని అందరికీ చెప్పినవాడే!

అక్క దగ్గర పక్క పోర్షన్ విద్యావతి కూర్చుని ఉంది. "గీడ కరెంటు పోలేదన్నా. నేను దాన్ని ముట్టలే" అన్నది. మిషన్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. అక్క ఊపిరి మాత్రం పొద్దుటికంటే పైపైన ఆడుతోంది.

"వచ్చినవా తమ్మీ? ఇగ వినిపియ్యి."

కోట గుమ్మం తెరుచుకుంది. పాట మొదలైంది. అతను అనుకున్నట్టే నిదానంగా, అక్క అన్నట్టే దిగులుగా ఉంది.

"నేననలే?" అక్క కళ్లు మూసుకుని నవ్వింది. చెంచా కమ్మీ మీద టిక్కు టిక్కుమంది.

చాలాసేపు పోరాడాక కోటరాజుకు ఇంకొక్క దెబ్బ చాలు. ఇటు సుందర్‌రాజ్‌కూ ఒక్క ప్రాణమే మిగిలింది. రాజు చస్తే పాట ఆగిపోతుంది. అందుకని కొట్టడం మానేశాడు. ఎగిరి తప్పుకోవడం, పక్కకు జరగడం, మళ్లీ ఎగరడం. బొటనవేళ్లు చెమటకు జారుతున్నాయి.

"కొట్టెయ్‌రా... వాన్ని ఇగ పండుకోనియ్యి" అన్నది అక్క.

"జర ఆగక్కా."

పాట తిరిగి తిరిగి వచ్చింది. చెంచా ఒక దెబ్బ తప్పింది. తర్వాత ఇంకొకటి. ఆపైన చప్పుడే లేదు. విద్యావతి లేచి మంచం మీదికి వంగింది.

"సుందరన్నా" అన్నది మెల్లగా.

అతను వెనక్కి చూడలేదు. చూస్తే నిజమైపోతుందని భయం. ఎగిరాడు, జరిగాడు, ఎగిరాడు.

అప్పుడు నాంపల్లిలోనూ కరెంటు పోయింది.

కరెంటు తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. చర్చివాళ్లు అక్కను ముందు గదిలోకి మార్చారు. ఎవరూ ఆర్పని మిషన్ దానంతటదే మొదటికొచ్చి, అతనికి బొత్తిగా నచ్చని హీరో పాట హుషారుగా అందుకుంది. ఖాళీ మంచం మీద, చద్దరు మడతలో, ఇనపకమ్మీకి ఆనుకుని అక్క చెంచా ఉంది.