మాయమైన గుమ్మడికాయలు

కొత్తపేటలో మా మెస్ బోర్డు మీద ‘కట్టెల పొయ్యి వంట’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ బోర్డు చూసి నోరూరించుకునేవాళ్లు ఒక్కసారి లోపలికొచ్చి మా వంటగది గోడ చూస్తే అన్నం ముట్టరు. మసి అంటే ఎండిన నల్ల పొడి అనుకుంటారు. నూనె పొగతో కలిసిన మసి అలా ఉండదు. బంకలాగా ఉంటుంది, వేలికంటితే సబ్బుకు కూడా వదలదు. పొయ్యి మీద పొగ లాగే రేకు డొప్ప అంచు నుంచి అది బొట్టు బొట్టుగా కారుతుంటే, పక్కనే నిలబడి కూరలు తీసే నేను గిన్నెలకు చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.

ఆ పొయ్యి మా అమ్మ పూలమ్మది. పండ్ల మార్కెట్ ఇక్కడున్న రోజుల్లో హమాలీలకు వండిపెట్టడానికి తనే మట్టి తొక్కి వేసుకుంది. ఎర్రమట్టి, పేడ కలిపి ఇప్పటికీ తనే అలుకుతుంది. పచ్చి కట్టె తెస్తే అడితివాణ్ణి నాలుగు తిట్టి వెనక్కి పంపిస్తుంది. ప్రతి అమావాస్యకూ మిద్దె ఎక్కి, గోనెపట్టను ముద్దగా చుట్టి తాడు కట్టి పొగ గొట్టంలోకి వదిలి, పైకీ కిందికీ గుంజి మసి దులిపేది. నాన్న పోయాక కూడా ఆ పని మానలేదు.

మాన్పించింది గుమ్మడికాయ.

మా ఎదురుగా ఇంకో మెస్ తెరిచారు. దాని ఓనరు పొద్దున్నే బయట నిలబడి పళ్లు తోముకుంటూ మా గొట్టంలోంచి లేచే పొగను చూస్తాడని మా ఆయన ఉపేంద్రకు బెంగ పట్టుకుంది. ఆ మనిషి పళ్లు తోముకోవడానికి ఎటో ఒకవైపు తిరగాలి కదా అన్నాను. వింటేనా? కర్మన్‌ఘాట్ నుంచి వాళ్లక్క హనుమాయమ్మను పిలిపించాడు. మా వదిన కుర్చీలో కూర్చుని, మా చాయ్ తాగి, తీర్పు చెప్పింది.

“దిష్టి పొగ మీద పడుతున్నది తమ్మీ. గుమ్మడికాయ దర్వాజకు కడితే ఏం ఫాయిదా? గొట్టంలనే కట్టాలె. కట్టినంక గొట్టంల ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు. ఆడోళ్లయితే అసలే పెట్టొద్దు.”

మా ఆయన అమ్మ చేతే జనుప తాడు పేనించి, పసుపు కుంకుమ పూసిన చిన్న బూడిద గుమ్మడికాయను గొట్టం మూతి లోపల, పై రేకు టోపీకి వేలాడదీశాడు. ఆ రోజుతో గోనెపట్ట మూలకు పోయింది.

కొన్నాళ్లకు మిద్దె ఎక్కి చూసి పరుగెత్తుకుంటూ దిగాడు. “మాయమైందే! దిష్టి మొత్తం గుంజుకొని పోయింది!” ఇంకోటి కట్టాడు. అదీ మాయమైంది. మళ్లీ ఒకటి. పోయింది పోయింది అని సంబరపడ్డాడే కానీ, ఎక్కడికి పోయిందన్న అనుమానం ఆ తలకాయలో పుట్టలేదు. అడిగితే, “ఆడోళ్లకెందుకు గా ముచ్చట” అని నా నోరు మూసేవాడు.

తర్వాత పొగ వెనక్కి తిరగడం మొదలైంది. పొయ్యి అంటించగానే గదంతా నల్లబడేది. అందులో పొగ వాసన ఒక్కటే కాదు, కుళ్లు వాసన కూడా ఉండేది. మా ఆయన దానికి అగరుబత్తి వెలిగించాడు. కుళ్లూ మల్లెపూలూ కలిసిన ఆ కంపును తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వండేది, దగ్గి దగ్గి నల్లటి కళ్లె ఉమ్మేది. దవాఖానకు పోదామంటే, వంట ఎవరు చేస్తారని అడిగేది.

మొన్న ఆదివారం పొద్దున వదిన కొత్త గుమ్మడికాయ చంకన పెట్టుకుని దిగింది. పొయ్యి ముందు కూర్చున్న అమ్మను, ఆమె చేతిలోని అగ్గిపెట్టెను చూసింది.

“అంటే అన్నరంటరు గని, మొగుడు లేని చెయ్యి పొద్దుగాల్ల పొయ్యి అంటిస్తే పొగ ఎన్కకే మర్లుతది. పూలమ్మను ఊరికి తోలు తమ్మీ. ఇంక గీ వంటింట్ల ఆమెకు పని లేదు.”

నేను మా ఆయన వంక చూశాను. ఆయన ఫోన్ వంక చూసుకున్నాడు. “అక్క చెప్పింది గుడ ఆలోచించాలె గదా,” అన్నాడు మెల్లగా. “మాపటి బస్సుకు పంపిద్దాం.” ఆ పొయ్యి మీద వండిన అన్నం తిని పెంచిన పొట్ట అది. ఛీ అనిపించింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, గొట్టం చూసుకోలేనివాళ్లు మా అమ్మ చేతికి వంక పెడుతున్నారు.

అమ్మ ఎదురు చెబుతుందనుకున్నాను. ఆమె అగ్గిపెట్టెను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. దండెం మీది చీరలు తీసి బ్యాగులో కుక్కడం మొదలుపెట్టింది.

“నువ్వే అంటియ్యి బిడ్డా. నాకు గుడ కొన్నొద్దుల సంది గట్లనే అనిపిస్తున్నది. నా చెయ్యి మంచిది కాదేమో.”

ఆ మాటకు కలిగినంత రోత ఆ గోడను చూసి కూడా నాకు ఎప్పుడూ కలగలేదు. ఒళ్లు మండిపోయింది. గొట్టం గోడలోంచి బయటికి వంగే చోట మసి తీయడానికి ఒక రేకు మూత ఉంటుంది. కింద బకెట్ పెట్టి, సుత్తె తీసుకుని ఆ మూతను ఒక్కటి కొట్టాను. “ఏయ్, ముట్టకు!” అని వదిన అరిచింది. ఇంకో రెండు కొట్టేసరికి మూత ఊడింది.

ముందు మసి పెళ్లలు రాలాయి. తర్వాత జారిపడింది చూడండి, దానికి పేరు లేదు. నల్లగా, చిక్కగా, తీగలు సాగుతూ, మధ్యలో తెల్లటి గింజలు, ఆ గింజల మధ్య కదిలే పురుగులు. బకెట్ నిండింది. నా మోచేతుల దాకా అదే. వదిన ముక్కు మూసుకుని వాకిట్లోకి ఉరికింది. నేను బకెట్‌ను కాలితో మా ఆయన ముందుకు తోశాను.

“గిదేనా మాయమైన దిష్టి?” అని అడిగాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఆయన రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. “పొగకు తాడు కాలుతదని నాకేం ఎరుక?” అన్నాడు.

అమ్మ బ్యాగు వదిలేసి వచ్చింది. కట్టెపుల్లతో బకెట్‌లో కెలికి, ఒక తాడు ముక్కను పైకి తీసింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. “గిది నేను పేనిన తాడే,” అంది. కాలిన కొసను వేళ్లతో నలిపింది. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. “నువ్వు కట్టిన కాయ కుళ్లితే, నా చెయ్యి చెడ్డదంటిరి.”

అమ్మ మూలనున్న గోనెపట్ట తీసుకుని మిద్దె ఎక్కింది. పైనుంచి ఆమె గుంజుతుంటే కింద నేను ఎత్తిపోశాను. ఇద్దరం ఒళ్లంతా నల్లగా అయ్యాం. కింది నుంచి చూస్తే గొట్టంలో వెలుతురు కనబడేదాకా ఆమె ఆపలేదు. ఊడిన రేకు మూతను నేను మళ్లీ బిగించాను.

అప్పటికే బయట తినడానికి జనం చేరారు. “తొందరగ అంటియ్యి నాగేశ్వరీ,” అని మా ఆయన తొందరపెట్టాడు.

“నేను అంటియ్య. ఏ చెయ్యి చెడ్డదన్నరో గా చెయ్యే అంటియ్యాలె. నీ నోటితోని అడుగు. లేకుంటే ఇయ్యాల మెస్ బంద్.”

ఆయన అక్కను చూశాడు, బయట జనాన్ని చూశాడు. సిగ్గుతో కాదు, గిరాకీ పోతుందన్న భయంతోనే నోరు తెరిచాడు. “అత్తమ్మా, నువ్వే అంటియ్యి.”

అమ్మ చేతులు కడుక్కుని వచ్చి పుల్ల గీసింది. తుమ్మకట్టె అంటుకుంది. పొగ ఒక్కసారి తడబడి, డొప్పలోకి దూరి, నిటారుగా పైకి పోయింది.

“సూసినవా తమ్మీ!” వాకిట్లోంచి వదిన గొంతు. “నేను తెచ్చిన కాయ ఇంట్లకు రాంగనే గుణం కనపడ్డది!”

మా ఆయన తల ఊపాడు. అక్షరాలా తల ఊపాడు. ఆ బకెట్ ఇంకా ఆయన కాళ్ల దగ్గరే కంపు కొడుతోంది. కొత్త గుమ్మడికాయను ఎత్తుకుని మిద్దె మెట్ల వైపు నడిచాడు.

“ఇటియ్యి,” అంది అమ్మ.

నిండు గుమ్మడికాయకు ఆడది కత్తి పెట్టకూడదని మా వైపు అంటారు. మొదటి దెబ్బ మగాడే వేయాలి. నాన్న ఉన్నప్పుడు నాన్న, ఆ తర్వాత అల్లుడు. అమ్మ కాయను ఆయన చేతుల్లోంచి గుంజుకుంది. కత్తిపీట ముందు కూర్చుని, రెండు చేతులతో ఎత్తి, దాని మీదికి దించింది. కాయ రెండు చెక్కలైంది. వదిన ‘అయ్యో’ అని నోరు మూసుకుంది. మా ఆయన చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి.

“ఇయ్యాల గుమ్మడికాయ పులుసు పెడుత,” అంది అమ్మ, గింజలు గీకుతూ. “ముందుగాల అల్లునికి వడ్డిద్దాం. గా బ్యాగుల చీరలు మల్ల దండెం మీద ఎయ్యి బిడ్డా.”