మంచు రాలని యుద్ధం

తిరువూరులో యుద్ధం సినిమా వచ్చిందంటే ఏడుకొండలు మ్యాట్నీకి వెళ్ళక తప్పదు. పదిహేడేళ్ళు సైన్యంలో చేసొచ్చినవాడు కదా, నిజంగా అలాగే ఉంటుందా అని టీకొట్టు దగ్గర అందరూ ఆయన్నే అడుగుతారు. టీ మాత్రం ఆయన ముట్టడు. అసలు ఆయన్ని అడగాల్సిన పనే లేదు. ఆ హాల్లో తెర మీద నిజమైనది ఏది పడినా ఇవతలికి వచ్చేస్తుంది. కథలో నిజముంటే వానకి ముందు వరసలు తడుస్తాయి, గేటు దగ్గర గొడుగులు అద్దెకిస్తారు. కథ అబద్ధమైతే అసలు వానలో తీసినా చుక్క రాలదు.

ఈసారి సినిమాని కోట్లు పోసి అసలైన మంచుకొండల్లోనే తీశారట. గంటన్నరైనా హాల్లోకి ఇంత పొగ రాలేదు, ఒక్క మంచు రవ్వ రాలలేదు. ఏడుకొండలుకి ఒళ్ళు మండింది. గడ్డకట్టే చలిలో హీరో చొక్కా గుండీలు విప్పుకుని తిరుగుతాడు. తుపాకీలో తూటాలు నింపిన పాపాన పోడు. ఎవడికీ ఆకలి వేయదు, ఎవడికీ భయం వేయదు, ఇక కథేముంటుంది?

"మా నాన్న కథ ముందు ఇదెంత బాబాయ్," అంది పక్క సీట్లోని రెహానా.

ఏడుకొండలు ఆమె వైపు తిరగలేదు. రెహానా తండ్రి మొహిద్దీన్ ఆయనతో కలిసి పనిచేస్తూ ఆ కొండల్లోనే పోయాడు. ఒంటరిగా పదకొండు మందిని కూల్చి పోయాడని ఇంటికొచ్చి భార్య సాలెహాకి చెప్పింది ఏడుకొండలే. ఆ కథనే ఇప్పుడీ పిల్ల ఫోనుతో సినిమా తీస్తోంది, గంపలగూడెం పత్తి మిల్లులో పత్తి గుట్టల్నే మంచుకొండలు చేసి. వచ్చే శుక్రవారం ఈ తెర మీదే వేస్తారు. ఊరంతా చూస్తుండగా ఒక్క రవ్వ కూడా రాలదని ఆయనొక్కడికే తెలుసు.

అంతలో తెర మీద హీరో వెనకాల, కిరోసిన్ డబ్బా మోస్తున్న ఓ పేరులేని సిపాయి కాలు జారాడు. షూటింగులో నిజంగానే జారి ఉంటాడు. చల్లగాలి కొట్టి రెహానా ఒళ్ళో గుప్పెడు మంచు రాలింది.

ఇక ఆయన వల్ల కాలేదు.

"మీ నాన్న ఇలాగే పోయాడమ్మా. టీ కాయడానికి కిరోసిన్ తేబోయి జారిపోయాడు. ఆ పొద్దున వంతు నాది. చలేస్తోందని నేను లేవలేదు."

ఒళ్ళోని మంచు కరిగి చున్నీ తడిసేదాకా రెహానా కూర్చుని, లేచి వెళ్ళిపోయింది.

వారమంతా ఆయనకి అన్నం సయించలేదు. ఆ సినిమా కథ అల్లినవాడూ తనూ ఒకటేనని కుమిలిపోయాడు.

శుక్రవారం వెళ్ళి తలుపు దగ్గరే నిలబడ్డాడు. రెహానా సినిమా ఆరు నిమిషాలు. అందులో తుపాకీ లేదు, శత్రువు లేడు. పత్తి గుట్టల మధ్య ఒకడు డబ్బా పట్టుకుని వెళ్తుంటాడు. గుడారంలో ఇంకొకడు ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. హాల్లో మోకాళ్ళ లోతున మంచు పడింది. జనం కాళ్ళు సీట్ల మీదికి తీసుకుని చూశారు.

ముందు వరసలోంచి సాలెహా వెనక్కి తిరిగి చేత్తో పిలిచింది. ఆయన మంచులో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు.

"ఆ రోజు మరి టీ తాగారా అన్నయ్యా?"

"లేదమ్మా. నీళ్ళే కాగలేదు."

సాలెహా పక్క సీటు మీద మంచు కొంగుతో దులిపి, ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించింది. ఆయన కూర్చుని తాగాడు.