సరి నెల

రిపోర్టులో పాజిటివ్ వచ్చిందని డాక్టరు లావణ్యగారు అనగానే వీరవేణమ్మ ముఖం చాటంత అయింది.

"చూశావా అమ్మాయ్! అయితే ముగ్గురూ ఉన్నట్టే!" అని పక్కనున్న కోడలి భుజం తట్టింది. ట్రిపుల్ టెస్ట్ అన్న మాట చెవిన పడ్డప్పట్నించీ ఆవిడ ముగ్గురు మనవల లెక్కలోనే ఉంది.

"సంతోషించే పాజిటివ్ కాదండీ ఇది," అన్నారు డాక్టరుగారు.

కోడలు హారతికి అర్థమైంది. పెళ్లయిన తొమ్మిదేళ్లకి నిలిచిన కడుపు. వయసు ముప్పై అయిదు దాటింది గనక, బిడ్డ ఎదుగుదలలో తేడా ఉండే అవకాశం ఎంతో చూద్దామని డాక్టరుగారే ఆ రక్తపరీక్ష రాశారు. తల్లి రక్తంలో హార్మోన్లూ అవీ మూడు కొలిచి లెక్క కడతారట.

"జబ్బు ఉందని కాదమ్మా, అనుమానం ఎక్కువుందని. తేల్చుకోవాలంటే పొట్టలోకి సూది పంపి ఉమ్మనీరు తీయాలి. అందులో కడుపు పోయే భయం కొంచెం ఉంది. ఆలోచించుకోండి."

హారతి ఎటూ తేల్చుకోలేకపోయింది. సూది వేయిస్తే ఒక భయం, మానేస్తే ఇంకో భయం. భర్త చూస్తే తమ నర్సరీ మొక్కల లారీతో నాగపూర్ దారిలో ఉన్నాడు.

"బిడ్డ కదలిక బాగా తెలుస్తోందా?" అడిగారు డాక్టరుగారు.

"ఇంకా లేదండి. నాలుగో నెలే కదండీ."

డాక్టరుగారి పెన్ను ఆగిపోయింది. "నాలుగా? ల్యాబ్‌లో అయిదు నిండాయని చెప్పారే!"

హారతి మెల్లగా అత్తగారి వైపు తిరిగింది. ఆ రోజు రక్తం తీసేటప్పుడు తను సూదిని చూడలేక కళ్లు మూసుకుంటే, ఎన్ని నెలలని అడిగిన అమ్మాయికి జవాబు చెప్పింది ఈవిడే. వీరవేణమ్మ పైనున్న ఫ్యాను రెక్కలని మహా శ్రద్ధగా చూస్తోంది.

"అత్తయ్యగారూ!"

"ఏంటే ఆ అరుపు? సరి నెల నోటితో అనకూడదు. మా అత్తగారైతే రెండో నెలలో ఉన్నవాళ్లని కూడా మూడనే చెప్పేవారు. ఒకటి పెంచితే ఏం అరిగిపోతుందని అయిదన్నాను. నిండాయో నిండలేదో నేను చెప్పలేదు, ఆ పిల్లే రాసేసుకుంది."

"మొన్న కట్టిన రోజా అంటుని కిందటేడాదిదని చెప్పి అమ్మితే, కొన్నవాడు ఎదగలేదనడా మరి? నా కడుపుని అలాగే చేశారు!"

డాక్టరుగారు నవ్వాపుకుంటూ స్కాన్ గదిలోకి నడిపించారు. బిడ్డ కొలతలు నాలుగో నెలకే సరిపోయాయి. "వయసు ఎక్కువ చెబితే మొత్తం లెక్కే మారిపోతుంది. అయినా తిరిగి లెక్క కట్టందే నేను ఏమీ అనను," అంటూ ల్యాబ్‌కి ఫోన్ కలిపి రిసీవరు వీరవేణమ్మకి అందించారు. "చెప్పినవాళ్లే దిద్దుకోవాలండీ."

"ఆఁ... మా కోడలికి మూడు నిండాయమ్మా," అందావిడ.

అవతలి అమ్మాయి ఏదో అడిగింది.

"కాదు కాదు, అయిదు రాలేదు. మధ్యలో ఉంది."

మళ్లీ ఏదో అడిగింది.

"మధ్యలో అంటే మధ్యలోనే తల్లీ! చదువుకున్నదానివి, మూడుకీ అయిదుకీ మధ్య ఏముంటుందో తెలీదూ?"

అవతల ఆ అమ్మాయి "అయితే మూడున్నరా అండీ?" అన్నది ఇవతల కుర్చీలోని హారతికీ వినిపించింది. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని, రెప్పవాల్చకుండా అత్తగారినే చూస్తోంది. ఆ చూపు చూశాక వీరవేణమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"నాలుగు! నాలుగో నెల! రాసుకో!"

బయట బెంచీల మీద మాటలు ఆగిపోయాయి.

సాయంత్రందాకా ఇద్దరూ వరండాలోనే కూర్చున్నారు. వీరవేణమ్మ కాఫీ తెప్పించింది గానీ తను తాగలేదు. చివరికి డాక్టరుగారే బయటికొచ్చారు.

"తేడా ఉండే అవకాశం చాలా తక్కువని వచ్చిందమ్మా. నూటికి నూరని ఏ పరీక్షా చెప్పదు గానీ, ఈ లెక్కకి సూది అక్కర్లేదు."

అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు హారతికి అప్పుడొచ్చింది. అత్తగారు కొంగుతో ఆమె ముఖం తుడిచింది. అదే కొంగుతో తన ముఖం కూడా తుడుచుకుంది.

కడియం బస్సు కోసం నడుస్తుంటే వీరవేణమ్మ గొణిగింది: "ఇంతమందిలో అనిపించారు కదే నాచేత. అయిదోది ఎంత తొందరగా వస్తే అంత మంచిది."

"దాని తర్వాత ఏమొస్తుందో తెలుసా అత్తయ్యగారూ? ఆ..."

నడిరోడ్డు మీద వీరవేణమ్మ అరచెయ్యి కోడలి నోటికి అడ్డం పడింది.