సరుకున్న చోటే మనిషి

అంగడికి సరుకు తేవడం ఒక ఎత్తు, అంగట్లో మనిషిని నిలబెట్టడం ఇంకో ఎత్తు. హిందూపురంలో చింతపండు మండీ నడిపే జయరామ్‌కు మీసాలు రాకముందే తెలిసిన సంగతి ఇది. అయినా పెనుకొండలోని తమ పాత మండీ గదిని ఊరి చరిత్ర మ్యూజియం చేసినప్పుడు ఆ రెండో ఎత్తు దగ్గరే ఆగిపోయాడు. శాసనాల ఫొటోలు, నాగలి, తిరగలి, ధర్మవరం మగ్గం అన్నీ కుదిరాయి. తలుపు తీసి కూర్చునేవాళ్లే లేరు.

గదిలో సగం భాగం తమ్ముడు రామన్నది.

"దసరాలోగా రోజూ తలుపు తెరవాలన్నా. లేదంటే క్యాంటీనుకు ఇచ్చేద్దాం. ఎర్రమంచి ఫ్యాక్టరీ పిల్లోళ్లు అన్నమన్నా తింటారు."

జయరామ్ సరేనని మాటిచ్చి, తలుపు మీద బోర్డు పెట్టించాడు: 'వాలంటీర్లు కావలెను.'

తెల్లారేసరికి వీధి నిండా జనం. జయరామ్ మురిసిపోయాడు. ముందు నిలబడ్డ అంజినమ్మవ్వ అడిగింది:

"ఏమప్పా, పింఛను మళ్లా ఇంటికే తెచ్చిస్తారంట గదా?"

వెనకనుంచి ఒకడు, "ఆమడగూరులో నేను వాలంటీరుగా చేసినా సార్. ఈడ నాకు ఏ వార్డు?"

"వార్డు లేదబ్బా, నాగలి ఉండాది. చూసుకుంటావా?"

ఇది సర్కారు వాలంటీర్ల పని కాదని తెలిసి కాసేపటికి వీధి ఖాళీ. రామన్న పగలబడి నవ్వాడు. "గిరాకీ బాగనే వచ్చిందన్నా. వాళ్లడిగే సరుకే నీ కాడ లేదు."

అంజినమ్మవ్వ మాత్రం పోలేదు. లోపల తిరగలి ముందు నిలబడి మూతి విరిచింది.

"ఇదీ ఒక తిరగలేనా? మా అత్త తిరగలి చూస్తే కండ్లు తిరుగుతాయి నీకు."

"తెచ్చి పెట్టవ్వా."

"పెడితే కాపలా ఎవురు? నీ నాగలికే దిక్కు లేదే!"

జయరామ్‌కు లెక్క తేలిపోయింది. మండీలో మూట దించిన రైతు అది అమ్ముడుపోయేదాకా దాని పక్కనే పడుకుంటాడు. అతన్ని ఎవరూ బతిమాలరు. బోర్డు మార్చాడు: 'మీ ఇంటి పాత వస్తువుకు ఇక్కడ చోటుంది. వస్తువు పెట్టినవారికే తాళంచెవి.'

తిరగలి వచ్చింది. గాజుల అంగడి ముంతాజ్ వాళ్ల నాయన జట్కా గంట తెచ్చింది. ఆ వెనకే ఇంకొందరు వచ్చారు. తలా ఒక రోజు వంతు. ముంతాజ్ వంతు వచ్చిన రోజున కూడా అంజినమ్మవ్వ హాజరే.

"ఆయమ్మి గంటనే తుడుచుకుంటాది, నా తిరగలి తుడవదు."

"నీ తిరగలి కాడికి ఎవురొస్తారవ్వా? గంట మోగితే వీధంతా వస్తాది!"

దసరా ముందురోజు రామన్న క్యాంటీను ఆసామిని వెంటబెట్టుకొని వచ్చాడు. తలుపు తెరిచే ఉంది. అంజినమ్మవ్వ గడపలోనే ఆపింది.

"నీ వస్తువు యాడప్పా?"

"గదే నాది గదవ్వా!"

"గోడల వరకే నీది. లోపల నీదేముండాది? ఉత్త చేతుల్తో వచ్చినోళ్లు చూసి పోవాల్సిందే, మాట చెల్లదు."

క్యాంటీను ఆసామి మెల్లగా జారుకున్నాడు. రామన్న ముఖం ముడుచుకొని ఇంటికి పోయాడు. సాయంత్రం నాయన వాడిన ఇత్తడి త్రాసు భుజాన వేసుకొచ్చి, జట్కా గంట కంటే ముందు వరసలో పెట్టాడు.

"ఈడ్నే ఉండాల. ఎవురూ జరపగూడదు."

"జరపకుండా చూసేదానికి మనిషి కావాల గదరా," అంటూ జయరామ్ తాళంచెవి అందించాడు. "ఆదివారం నీదే."