పగిలిందనకూడదు

"మా కోడలు పాపక్క చెయ్యి నొక్కితే చాలు, సైజు చెప్పేస్తాది," అని మా అత్త అక్కయమ్మ వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోతుంది. బళేపేటలో మా గాజులంగడి ఆ గొప్ప మీదే నడుస్తోంది. పదకొండేళ్ళుగా ఊరి ఆడవాళ్ళ చేతులన్నీ నొక్కి చూసి, బొటనవేలు మడిచి, నొప్పి తెలియకుండా గాజులు ఎక్కిస్తున్నాను. అయినా అంగడి మా ఆయన వెంకటరాయప్పది. నేను ఇంట్లో మనిషిని, అంతే.

ఏడో నెలలో సీమంతానికి తొడిగిన పచ్చగాజులు ఈ తొమ్మిదో నెలకి మణికట్టులో దిగబడిపోయాయి. కాళ్ళు దిమ్మల్లా వాచాయి. పడుకుంటే ఊపిరాడదు, గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాను. "ఒళ్ళు చేసుండాది. మా ఇంటి కూడు బాగా పట్టిండాది," అని అత్త నవ్వింది. "పని తప్పించుకునేదానికి నాటకాలు," అన్నాడాయన.

మొన్న డాక్టరు భాగీరథమ్మగారు చెల్లెలి పెళ్ళికి గాజులు కొనడానికొచ్చారు. నేను ఆమె చెయ్యి నొక్కబోతే ఆమే నా చెయ్యి పట్టుకున్నారు. వంగి, నా కాలి ముందెముక మీద బొటనవేలితో నొక్కి తీశారు. పిండిముద్ద మీద పడ్డట్టు గుంట పడి, అట్లాగే ఉండిపోయింది. తర్వాత నా చెయ్యి మెల్లగా పైకెత్తారు.

"చెయ్యి గుండెకన్నా పైకి పోతే అరచేతి వెనకుండే నరాలు అణిగిపోవాల తల్లీ. అణగలేదంటే గుండె అలిసిపోయిందని. దీనికి సూదీ వద్దు, మిషనూ వద్దు, కంటికే తెలుస్తాది. కానీ నీ గాజులు నరాన్ని పట్టేసుండాయి. అవి ఉండంగా నిజం తెలీదు. తీసి చూసుకో. నరాలు అణగలేదంటే ఆ దినమే ఆస్పత్రికి రా. ఇంట్లో కాన్పయితే నువ్వు మిగలవు."

సబ్బు పెట్టాను, ఆముదం రాశాను. ఊళ్ళోవాళ్ళ చేతులకి ఒడుపుగా ఎక్కించే నాకు, నా గాజు ఒక్కటి కూడా కదల్లేదు. ఇక ఒకటే దారి. ఆ దారికి మా అంగడిలో పేరు కూడా లేదు. గాజు చిట్లితే 'పెరిగింది' అనాలి, 'పగిలింది' అనకూడదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరుజారితే అత్త నా నోటిమీద కొట్టింది.

భయపడుతూనే అత్తని అడిగాను. "మొగుడు బతికుండంగా, కడుపుతో ఉండి, గాజులు పెంచుకుంటావా? నా కొడుకు పానం మీదికి తెస్తావంటే?" అంది. ఆయన తలెత్తలేదు. "అమ్మ చెప్పినట్ల విను. కాన్పయినాక అవే వదులైతాయి," అన్నాడు.

ఆయన ప్రాణం నా గాజుల్లో ఉందట. నా ప్రాణం ఎందులో ఉందో ఎవరూ అడగలేదు. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నేను చస్తే ఈ గాజులతోనే సాగనంపుతారు. ముత్తైదువగా పోయింది, పుణ్యాత్మురాలు అంటారు. ఆ పుణ్యం నాకొద్దు. నాకు బతకాలని ఉంది. బిడ్డ మొహం చూడాలని ఉంది.

ఈ పొద్దున దోసెలకి రుబ్బుతూ రుబ్బుతూ ఆయాసం ముంచుకొచ్చి పొత్రం వదిలేశాను. రెండు చేతులూ రోటి అంచుకేసి కొట్టాను. పచ్చటి ముక్కలు పిండిలో పడ్డాయి. మణికట్టు గీసుకుపోయి నెత్తురొచ్చింది. గాజులు పట్టేసినచోట పడిన గాట్లు తగ్గేదాకా ఆగి, చెయ్యి ఎత్తాను. భుజం దాకా. చెవి దాకా. తలమీది దాకా. పది లెక్కపెట్టాను. నరాలు ఉబ్బినవి ఉబ్బినట్టే ఉన్నాయి.

ముఖం కడుక్కుని, అంగడి మధ్యలోంచే వీధిలోకి నడిచి, జట్కాని పిలిచాను. బేరాలకొచ్చిన ఆడవాళ్ళు నా బోసి చేతులు చూసి పక్కకి జరిగి దారిచ్చారు. ఆయన లేచి నిలబడ్డాడు. అత్త గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఓసే, గాజులేవే? పెరిగినాయని చెప్పవే!"

జట్కా మెట్టు మీద కాలు పెట్టి, అందరికీ వినబడేట్టు చెప్పాను.

"పెరగలా అత్తా. పగిలినాయి. నేనే పగలగొట్టినాను."