వానలో సాంచా చప్పుడు

ఖాడీ వాగు పొంగి పల్సానా పేట సందుల్లోకి నీళ్లొచ్చిన రోజు, సోమలింగం పొద్దున్నే షెడ్డుకు బయల్దేరాడు. అక్కడ అతను బట్ట నేసే కరెంటు మగ్గాలు, సాంచాలు నడుపుతాడు. కింద పేర్చిన నూలు పెట్టెలు తడిసిపోతాయని సేఠ్ ఫోన్ చేశాడు. "అన్నీ మీదికెత్తి గంటల వస్త" అని భార్య ప్రమీలతో చెప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని పోయాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. ఫోను కలవడం లేదు.

ప్రమీల కూతురు హారతిని పై అంతస్తులో ఉండే పద్మారాణికి అప్పగించింది.

"యాడికి పోతవే? నీళ్లు నడుములదాక వచ్చినయంట," అంది పద్మారాణి.

"వస్తనన్న మనిషి రాకుండ ఉండడక్కా. జర పిల్లను సూస్కో."

సిరిసిల్ల నుంచి వచ్చిన ఇన్నేళ్లలో ఆ షెడ్ల వాడ నోరు మూసుకోగా ప్రమీల ఎన్నడూ చూడలేదు. పగలూ రాత్రీ సాంచాల మోతే. ఇప్పుడు కరెంటు తీసేశారు. వాన కూడా దూది దులిపినట్టు తెల్లగా, చప్పుడు లేకుండా పడుతోంది. పది అడుగుల అవతల ఏముందో కానరాదు. షెడ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి రెండుసార్లు టిఫిన్ డబ్బా తీసుకొచ్చినప్పుడు గుర్తు పెట్టుకున్న పాన్ కొట్టు నీళ్లలో కొట్టుకుపోయింది. కుడికి తిరిగింది. నీలం డ్రమ్ము కట్టిన గోడ కనిపించింది. ఎడమకు తిరిగి చాలాసేపు నడిచింది. మళ్లీ అదే గోడ.

"ఓ హారతి నాయినా!" అని అరిచింది. ఆ కేక వానలోకి పోయింది. ఎక్కడా తగిలిన జాడ లేదు.

ప్రమీల మల్లన్నకు బోనం ఎత్తుతానని మొక్కడం మొదలుపెట్టింది. గుడి ముందు ముగ్గుల పట్నం వేయిస్తానంది. ఆ మాటలు తన చెవికే బజారు బేరంలా వినబడి మధ్యలోనే ఆపేసింది. గోడకు ఆనుకుని, తండ్రి ధోతి అంచు పట్టుకున్న పిల్లలా అడిగింది.

"మల్లన్నా, నాకు తొవ్వ తెలుస్తలేదు. భయమైతాంది. ఆయన యాడున్నడో నువ్వే సూపియ్యి."

అంతే. ఇంకేం అడగాలో ఆమెకు తోచలేదు.

అప్పుడు వినబడింది. టక టక, టక టక. ఒక్కటంటే ఒక్క సాంచా ఆడుతోంది.

వాడంతా కరెంటు లేదు. తీగలు తెగి నీళ్లలోకి వేలాడుతున్నాయి. అయినా ప్రమీల ఆ చప్పుడు వైపే నడిచింది. ఒక మలుపులో తప్పు సందులోకి తిరిగేసరికి చప్పుడు ఠక్కున ఆగింది. వెనక్కి రాగానే మళ్లీ మొదలైంది. తడబడే పిల్లను చిటికెలేసి పిలిచినట్టుంది.

ఒక ఇనుప తలుపు వెనక నుంచి గట్టిగా మోగుతోంది. చెయ్యి వేసి నెట్టగానే మోత ఆగిపోయింది.

లోపల సాంచాలన్నీ వరసగా సగం మునిగి, కదలకుండా ఉన్నాయి. మోటర్లు నీళ్ల అడుగున ఉన్నాయి.

"ప్రమీలా..."

పెట్టెల బరువుకు చెక్క అటక విరిగి సోమలింగం కాలిమీద పడింది. కింద కూలబడ్డ అతని మెడదాకా నీళ్లు వచ్చాయి. సాంచా చట్రాన్ని రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. ప్రమీల ఇనుప పైపు ఒకటి వెతికి అటక కింద దూర్చి, బరువంతా వేసి లేపింది. అతను పళ్లు బిగించి కాలు లాక్కున్నాడు.

"ఈడ సాంచా ఎవరు నడిపిన్రు?" అంది రొప్పుతూ.

"ఏ సాంచా? కరెంటు పొద్దుగాలనే పాయె గద. నువ్వు లోపలికి రానీకె ఇంతసేపెందుకైంది? పొద్దటిసంది తలుపవతలనే నిలవడి 'వస్తున్న, ఆగు' అంటనే ఉంటివి. ఆ గొంతు ఇనుకుంటనే మెడ నిలవెట్టిన."

పొద్దున ప్రమీల ఇంట్లో బియ్యం కడుగుతోంది. ఆ మాట అతనితో అనలేదు. పట్టుకోసం పక్కనున్న సాంచా మీద చెయ్యి వేసింది. ఇనుము వెచ్చగా ఉంది, అప్పుడే పని దిగినట్టు. చప్పున చెయ్యి తీసేసి, భర్త చెయ్యి తన భుజం మీద వేసుకుని బయటికి నడిచింది.

ఎముక విరిగిందని ఆస్పత్రిలో కట్టు కట్టారు. మర్నాడు హారతిని తీసుకుని పద్మారాణి చూడవచ్చింది.

"ఏం మొక్కినవే? బోనమా?"

"ఏం మొక్కలే అక్కా. అడిగిన."

వాళ్లు వెళ్లాక సోమలింగం చాలాసేపు ప్రమీల ముఖంలోకి చూస్తూ పడుకున్నాడు.

"జర ఏదన్న మాట్లాడు," అన్నాడు.

"ఏం మాట్లాడాలె?"

అతను మెల్లగా తల అడ్డంగా ఊపాడు. "ఆ గొంతు నీదే. గని గిట్ల లేకుండె. చిన్నపిల్ల గొంతు. నిన్ను చిన్నప్పుడు నేను సూడనే లేదు, అయినా నువ్వేనని ఎరుకైంది."

గోడకు ఆనుకుని మల్లన్నను అడిగింది ఆ గొంతుతోనేనని ప్రమీలకు తట్టింది. దుప్పటి అతని గొంతుదాకా కప్పి, చెయ్యి పట్టుకుని వాన వెలిసేదాకా అలాగే కూచుంది.