బొటనవేలు చదివిన అంకె

కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో రూప్లా ఇంజన్ పక్క భాగం తుడుస్తున్నాడు. జిడ్డు ముందు నల్లగా ఊడింది, తర్వాత గోధుమరంగులో, చివరికి తుప్పుతో కలిసి ఎర్రగా దిగింది. వైరు బ్రష్షుతో గీకాడు, దులిపాడు, చాక్‌పీసు అడ్డంగా పెట్టి రుద్దాడు. ఇనుము మీద గుద్దిన అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలాయి. ఒక్క ఏడో అంకె దగ్గర మాత్రం ఇనుము బాగా అరిగిపోయి ఉంది.

కారు దమ్మపేట ఆసామి వెంకటరామారావుది. తండ్రి కొన్న అంబాసిడర్. ఆర్సీ పుస్తకాన్ని చెదలు తినేశాయి. కొత్తది కావాలంటే ఇంజన్ నంబరు చూసి రాసుకుని ఖమ్మం ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. పొద్దున ఎనిమిదింటికే ఏన్కూరులో మోతీ మెకానిక్ షెడ్డుకు వచ్చి కూర్చున్నాడు.

"మోతీ ఇంకా రాలేదా?" అన్నాడు, రూప్లా చేసిన పనివైపు కన్నెత్తి కూడా చూడకుండా.

"వస్తడు సార్," అన్నాడు రూప్లా. 

రూప్లా కడుపుమంట ఇవాళ్టిది కాదు. ఈ 2006కు మోతీ షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లు, రూప్లా అందులో చేరి ఇరవై రెండేళ్లు. గీకేది రూప్లా, తుడిచేది రూప్లా, ఇంజన్ దించి ఎక్కించి నడుము విరగ్గొట్టుకునేది రూప్లా. పేరు మాత్రం మోతీది. తుప్పుమీద బొటనవేలు ఆనించి నంబరు చెప్పేస్తాడని చుట్టుపక్కల ఊళ్లన్నీ అతన్ని 'నంబర్ మోతీ' అంటాయి. ముందుండే అక్షరాలు తడిమి ఇది ఏ కారు ఇంజనో, పెట్రోలో డీజిలో, బండితో పుట్టిందో మధ్యలో మార్చిందో చెప్తాడు. అడవిలో ఎవరో వదిలేసిన జీపు దొరికితే పోలీసులు కూడా అతన్నే పిలిపించుకుంటారు. రూప్లాను ఎవరూ ఏదీ అడగరు. పొద్దున అన్నం గిన్నె కడుతూ భార్య జమ్లి కూడా, "చేపల పులుసుల పెద్ద ముక్కలు ఉస్తాద్‌కు పెట్టు," అంది. కట్టుకున్నదానికే అతని గొప్ప కనబడితే ఇక చెప్పుకోవడానికేముంది?

అన్నిటికన్నా రూప్లాను కాల్చే సంగతి ఇంకొకటుంది. అయిదేళ్లుగా మోతీ నంబరు చూసేటప్పుడు అందర్నీ టీకి పంపేస్తున్నాడు. రూప్లాను కూడా. 'పోయి చాయ్ తాగి రాండ్రి, ఈలోపు చూస్త' అంటాడు. పెద్దవాడి దర్జా అని జనం నవ్వుకుంటారు. తనకు విద్య అబ్బకూడదనే ముసలాడు చాటు చేస్తున్నాడని రూప్లాకు గట్టి నమ్మకం.

మోతీ వచ్చాడు. అరవై మూడేళ్ల బక్కపలచని మనిషి, చెవులదాకా దిగిన తెల్ల జుట్టు, ఖాకీ చొక్కా. నడకలో ఈమధ్య కాలు ఈడుస్తున్నాడు. రూప్లాతో ఒంటరిగా ఉంటే లంబాడీలో మాట్లాడతాడు, బేరగాళ్ల ముందు మాత్రం తెలుగే.

"మీరిద్దరు పోయి చాయ్ తాగి రాండ్రి."

"నేను టీ మానేసి ఏడాదైంది మోతీ. త్వరగా చెప్పు, ఖమ్మం పోవాలి," అన్నాడు వెంకటరామారావు.

"రూప్లా, సారుకు గింత చల్ల మజ్జిగన్న తాగించుకరా."

"హోటల్ సారుకు ఎరుకే ఉస్తాద్. నేను ఈడనే ఉంట," అన్నాడు రూప్లా. అని, ఇంజన్ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో ఉస్తాద్ మాటకు అతను ఎదురు చెప్పడం అదే మొదలు.

మోతీ అతనివైపు కాసేపు చూశాడు.  వంగి బొటనవేలు ఆనించాడు. మొదటి అక్షరాలు గబగబా చెప్పేశాడు. "పెట్రోల్ ఇంజనే. బండితోని వచ్చిందే, మార్చలే." అంకెలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడోదాని దగ్గర ఆగాడు. వేలు వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. నుదుటిమీద చెమట పట్టింది.

"మూడు," అన్నాడు.

షెడ్డు రేకుల సందులోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. కింద కూర్చున్న రూప్లాకు ఆ అంకె ఎడమ పక్కన వెంట్రుకంత సన్నటి సుద్దగీత కనబడింది. మూడు కాదు, ఎనిమిది. నోరు తెరిచాడు. వెంకటరామారావు భక్తిగా కాగితం మీద 'మూడు' రాసుకుంటున్నాడు. రూప్లా నోరు మూసుకున్నాడు. పడనీ, ఒక్కసారన్నా పడనీ అనుకున్నాడు. గుండెలో చల్లగా, హాయిగా అనిపించింది.

కారు పోయింది. రూప్లాకు ఆ పూట ఏ పనీ బరువనిపించలేదు. రోడ్డు మీద హారన్ మోగితే చాలు, ఆ కారే తిరిగొచ్చిందేమోనని తల ఎత్తి చూస్తూ ఉన్నాడు.

మధ్యాహ్నం మోతీ అన్నం ముట్టలేదు. షెడ్డు వెనక గోడవారన వేసిన పాత జీపు సీటు మీద ఒరిగాడు.

"కండ్లు తిరుగుతున్నయి రూప్లా."

"షుగర్ గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న." లంబాడీలో మెల్లగా అడిగాడు. ఆ ఏడో అంకె నువ్వు చూశావా అని.

తప్పు చెప్పానేమో అని ఉస్తాద్ తన్ను అడుగుతున్నాడు. ఈ ఒక్క ప్రశ్న కోసం రూప్లా ఇన్నేళ్లూ మొహం వాచి ఉన్నాడు. తీరా అడిగేసరికి ఈర్ష్యే ముందుకొచ్చి జవాబు చెప్పింది.

"నేనేం చూస్త ఉస్తాద్? చూసుడు నీ పని, తుడుసుడు నా పని."

మోతీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. రూప్లా పులుసులో పెద్ద ముక్కలు తానే తిన్నాడు.

మూడున్నరకు అంబాసిడర్ తిరిగొచ్చింది. వెంకటరామారావు మొహం కందగడ్డలా ఉంది. "వాళ్ల రిజిస్టర్లో మూడు కాదంట, ఎనిమిదంట. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఏడీ మోతీ?"

"ఆ మాట ఆయనకే చెప్పుండ్రి సార్," అన్నాడు రూప్లా. సంబరాన్ని దాచుకుంటూ వెనక్కి వెళ్లి భుజం తట్టాడు. "ఉస్తాద్, లే. సారొచ్చిండు." భుజం కదిలింది గాని మనిషి కదల్లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

వెంకటరామారావు చెప్పులు విడిచి దగ్గరికొచ్చాడు. చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేనే తప్పు రాసుకున్నట్టున్నాను," అన్నాడు. "మోతీ నోట తప్పు రాదు." చచ్చి కూడా నెగ్గావురా ముసలోడా అనుకున్నాడు రూప్లా. ఆ క్షణంలో కూడా అలా అనుకున్నందుకు అతని ఒళ్లు అతనికే జలదరించింది.

మోతీ చేతులు సర్దుతుంటే కుడి బొటనవేలు కనబడింది. కొస మీద సైలెన్సరుకు కాలిన బొబ్బ, చితికి పచ్చిగా ఉంది. పొద్దున ఆ పచ్చిపుండుతోనే తుప్పంతా తడిమాడు, ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. షుగరు ఆ వేలిని ఎప్పుడో చంపేసింది; మిగతా అంకెలు సుద్ద తెలుపును బట్టి కంటితో చదివినవే.  అయిదేళ్లుగా ఉస్తాద్ చాటు చేసింది విద్యను కాదు, అది పోయిన సంగతిని. ఇవాళ తాను అడ్డంగా కూర్చుని ఆ చాటు కూడా లేకుండా చేశాడు.

మోతీ తండా వాళ్లు ట్రాలీ ఆటో తెచ్చారు. నలుగురూ కలిసి మోతీని ఎత్తుతుంటే బొడ్లోంచి చేతిరుమాలు మూట ఒకటి జారి విడిపోయింది. ఎవరూ చూడలేదు, రూప్లా తప్ప. ఆటో వెళ్లిపోయింది. జీపు సీటు మీద, పిడి విరిగి అంచులకు గ్రీజు పట్టిన చిన్న భూతద్దం ఉంది. దాని కింద రెక్సిన్ చిరుగులోని దారప్పోగు తాడంత లావుగా కనబడుతోంది.